అండమాన్ కరెంటు ఎవరి లెక్కలోకి వస్తుంది?

మే నెల సగం దాటగానే తెలుగు పత్రికల్లో అండమాన్ పేరు కనిపిస్తుంది. నైరుతి రుతుపవనాలు అక్కడి సముద్రాన్ని తాకాయని, ఇంకొన్నాళ్లలో మనకు వానలని కబురు. మళ్లీ అక్టోబరు, నవంబరులో ఇంకోసారి: అండమాన్ దగ్గర అల్పపీడనం, అది బలపడి వాయుగుండం, ఉత్తరాంధ్ర తీరానికి హెచ్చరిక. ఈ రెండు వార్తల మధ్య మిగిలిన ఏడాదంతా ఆ దీవుల్లో మనుషులు ఎలా బతుకుతున్నారో రాసేవాళ్లు తక్కువ. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి 3.8 లక్షల మందిలో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వలలు పట్టుకుని వెళ్లినవాళ్లు, కూలి పనికి వెళ్లి స్థిరపడినవాళ్లు, వాళ్ల పిల్లలు. 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ ప్రాంతానికి వెళితే చేపల బేరాలు తెలుగులో వినిపిస్తాయి. ఆ చేపలు చెడిపోకుండా ఉండాలంటే ఐసు కావాలి, ఐసుకు కరెంటు కావాలి, ఆ కరెంటుకు సముద్రం మీద ఓడలో డీజిల్ రావాలి.

ప్రపంచం బొగ్గు, చమురు వదిలి ఎండకూ గాలికీ మళ్లాలన్న చర్చ నడుస్తోంది. ఆ మళ్లింపుకు డబ్బు ఎవరివ్వాలన్న తగువు అంతకంటే గట్టిగా నడుస్తోంది. ఈ రెండింటిలోనూ దీవుల పేరు పదేపదే వస్తుంది. మునిగిపోతున్న దీవులు, తుపాన్ల పాలవుతున్న దీవులు అంటూ వేదికల మీద కన్నీళ్లు కూడా పెడతారు. అండమాన్ నికోబార్ మాత్రం ఆ జాబితాలో లేదు. ఎందుకు లేదో తెలుసుకుంటే ఈ చర్చ మొత్తంలో ఉన్న లోపం బయటపడుతుంది.

ముందు కరెంటు సంగతి. జాతీయ గ్రిడ్ తీగ ఏదీ ఆ దీవులకు చేరలేదు. దీవికీ దీవికీ మధ్య కూడా సముద్రమే కాబట్టి ఎక్కడి పవర్‌హౌస్ అక్కడిదే. పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల చాథం, ఫీనిక్స్ బే, బాంబూఫ్లాట్ పవర్‌హౌస్‌లలో దశాబ్దాలుగా డీజిల్ సెట్లు మోగుతూనే ఉన్నాయి. బాంబూఫ్లాట్‌లోని 20 మెగావాట్ల ప్లాంటు పెట్టింది హైదరాబాద్‌కు చెందిన సూర్యచక్ర పవర్ కార్పొరేషన్; అది 2003లో ఉత్పత్తి మొదలుపెట్టింది. తెలుగువాళ్లకు ఆ దీవుల కరెంటుతో వినియోగదారులుగానే కాక ఉత్పత్తిదారులుగానూ సంబంధం ఏర్పడిందన్నమాట.

ఒక లీటరు డీజిల్ మండిస్తే మంచి జనరేటర్ నాలుగు యూనిట్లకు అటూ ఇటూ ఇస్తుంది. లీటరు ఎనభై రూపాయల దరిదాపుల్లో అనుకున్నా, ఒక్క ఇంధనానికే యూనిట్‌కు ఇరవై రూపాయలు. పైన మరమ్మతులు, విడిభాగాలు, జీతాలు, లైన్లలో పోయే కరెంటు. మీటరు చూసి ఇంటి యజమాని దగ్గర వసూలు చేసేది ఇందులో చిన్న భాగమే. మిగతాది కేంద్ర బడ్జెట్‌లోంచి భర్తీ అవుతుంది. దీవుల వాళ్లకు ఆ రాయితీ ఇవ్వడం న్యాయం. సముద్రం మధ్య ఉన్నందుకు వాళ్లు పదింతలు కట్టాలని ఎవరూ అనరు. అయితే అదే రాయితీ ఏటా పొగ రూపంలో ఆవిరవుతుంటే, ఆ సొమ్ముతో ఇంకేం చేయొచ్చన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. మెయిన్‌లాండ్‌లో బ్యాటరీతో కలిపిన సౌర విద్యుత్‌కు 2024 డిసెంబరు వేలంలో యూనిట్‌కు 3 రూపాయల 52 పైసల ధర పలికింది. దీవుల్లో అది రెట్టింపైనా, మూడింతలైనా డీజిల్ కంటే చవకే.

ఇంత తేలికైన లెక్క ఉన్నా పని ఎందుకు సాగలేదు? జవాబు కర్బన లెక్కలో ఉంది. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, అంటే యూనిట్‌కు 700 గ్రాములకు దగ్గర. బొగ్గు మీద ఎక్కువగా ఆధారపడిన భారత గ్రిడ్ సగటు కూడా ఇంచుమించు అంతే. పైగా దీవులన్నీ కలిపినా గరిష్ఠ గిరాకీ వంద మెగావాట్లు లేదు. రామగుండం, సింహాద్రి లాంటి థర్మల్ కేంద్రాల్లో ఒక్క పెద్ద యూనిట్ దీనికి అయిదింతలు తయారు చేస్తుంది. వాతావరణ నిధులిచ్చేవాడు తన డాలరుకు ఎన్ని టన్నుల కర్బనం తగ్గిందని చూస్తాడు. టన్నుల తక్కెడలో అండమాన్ ఎప్పుడూ తేలిపోతుంది. రూపాయల తక్కెడలో మాత్రం దేశంలో సౌర విద్యుత్‌కు ఇంతకంటే అనువైన చోటు దొరకడం కష్టం. ఈ రెండు తక్కెడల తేడా మన పత్రికా చర్చల్లో దాదాపు ఎక్కడా కనిపించదు.

ప్రయత్నాలు జరగలేదని కాదు. ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ దగ్గర కల్పాంగ్ వాగు మీద ఎన్‌హెచ్‌పీసీ కట్టిన 5.25 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం 2001లో మొదలైంది. గరాచర్మ దగ్గర ఎన్‌టీపీసీ 5 మెగావాట్ల సౌర ప్లాంటు పెట్టింది. 2018 డిసెంబరు 30న ప్రధాని నరేంద్ర మోదీ పోర్ట్ బ్లెయిర్‌లో 7 మెగావాట్ల సౌర ప్లాంటును ప్రారంభించారు. అదే రోజు రాస్, నీల్, హావ్‌లాక్ దీవులకు కొత్త పేర్లు ప్రకటించారు. దేశమంతా మాట్లాడుకున్నది పేర్ల గురించి. ప్లాంటు సంగతి ఎవరికీ పట్టలేదు. ఆ తర్వాత ఎన్‌ఎల్‌సీ ఇండియా అట్టమ్ పహాడ్, డాలీగంజ్‌లలో 20 మెగావాట్ల సౌర ఫలకాలు, 8 మెగావాట్-అవర్ల బ్యాటరీ నిలిపింది. ఇంత పెద్ద బ్యాటరీని సౌర ప్లాంటుకు జత చేయడం అప్పటికి దేశానికి కొత్త. అయినా అది పూర్తి సామర్థ్యానికి ఇరవై నాలుగు నిమిషాలే సరిపోతుంది. మబ్బు పట్టినప్పుడు ఒడుదొడుకులు సర్దడానికి పెట్టినది అది. రాత్రంతా ఊరిని వెలిగించడానికి కాదు. ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల దాకా వాన కురిసే చోట, మే నుంచి డిసెంబరు దాకా ఆకాశం మూసుకుపోయే చోట, రాత్రికి సరిపడా నిల్వ లేకుండా డీజిల్ సెట్లు ఆపడం కుదరదు.

నేల సమస్య కూడా ఉంది. దీవుల విస్తీర్ణంలో ఎనభై శాతానికి పైగా అడవి, అందులో కొంత జారవాల వంటి ఆదివాసీల రక్షిత ప్రాంతం. అనంతపురం, కర్నూలు జిల్లాల్లో మాదిరిగా వేల ఎకరాల్లో ఫలకాలు పరచడం అక్కడ కుదరదు, కుదరకూడదు కూడా. ఇళ్ల కప్పులు, ప్రభుత్వ భవనాలు, జలాశయాల ఉపరితలం, ఇవే మిగులుతాయి. ఇవన్నీ చిన్న చిన్న పనులు. రిబ్బను కత్తిరించే పెద్ద సభకు పనికిరావు, అందుకే వార్త కూడా కావు.

ఇక డాలర్ల తగువు. 2009లో కోపెన్‌హాగెన్ వాతావరణ సదస్సులో ధనిక దేశాలు 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని మాటిచ్చాయి. 2015లో ధనిక దేశాల కూటమి ఓఈసీడీ ఇప్పటికే 5,700 కోట్లు ఇస్తున్నారని లెక్క చూపితే, భారత ఆర్థిక శాఖ ఒక పత్రం విడుదల చేసి గట్టిగా లెక్క చెప్పగలిగింది 220 కోట్ల డాలర్లేనని తేల్చింది. ఎదురుగా ఉన్నది ఒకే సొమ్ము, లెక్కించే తీరు వేరు: అప్పును సాయమనాలా, పాత సాయానికి కొత్త పేరు పెడితే ఒప్పుకోవాలా అన్నదే వివాదం. ఓఈసీడీ లెక్క ప్రకారమే ఆ మాట నెరవేరింది 2022లో, రెండేళ్లు ఆలస్యంగా. అందులో పెద్ద భాగం అప్పులేనని ఆక్స్‌ఫామ్ లాంటి సంస్థలు ఏటా ఎత్తి చూపుతూనే ఉన్నాయి.

2024 నవంబరులో బాకు వాతావరణ సమావేశంలో కొత్త హామీ వచ్చింది: 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లు. వర్ధమాన దేశాలు అడిగింది 1.3 లక్షల కోట్ల డాలర్లు. తీర్మానం ఆమోదం పొందిందని అధ్యక్షుడు సుత్తి కొట్టాక, భారత ఆర్థిక శాఖ సలహాదారు చాందినీ రైనా లేచి ఇది కంటికి కట్టిన భ్రమ అని, ఈ పత్రాన్ని తాము ఒప్పుకోవడం లేదని సభలోనే చెప్పారు. ఆ రాత్రి ఆమె మాటలు ప్రపంచమంతా మోగాయి. మన పత్రికలూ చానళ్లూ సగర్వంగా చూపాయి, చూపాల్సిందే. పొగ వదిలినవాళ్లు డబ్బివ్వాలన్న వాదనలో ధర్మం ఉంది.

కానీ దేశానికీ దేశానికీ మధ్య న్యాయం అడిగిన నోటితోనే దేశం లోపలి న్యాయం కూడా అడగాలి. వచ్చిన డబ్బు దేశంలో ఎవరికి చేరింది?

2014 అక్టోబరు 8న హుద్‌హుద్ తుపాను అండమాన్‌లోని లాంగ్ ఐలాండ్ దగ్గర తీరం దాటి, బంగాళాఖాతంలో మరింత బలం పుంజుకుని 12న విశాఖపట్నం మీద పడింది. అంతకు ముందు ఏడాది ఫైలిన్, లెహర్ తుపాన్లు కూడా అండమాన్ మీదుగానే వచ్చాయి. హుద్‌హుద్ తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల రుణం ఆమోదించింది. విశాఖలో కరెంటు తీగలను భూమి లోపలికి దించే పని అందులోదే. 2017లో ఆసియా మౌలిక సదుపాయాల పెట్టుబడి బ్యాంకు భారత్‌లో మొదటి రుణంగా ఇచ్చిన 16 కోట్ల డాలర్లు ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై నాలుగు గంటల కరెంటు పథకానికే వెళ్లాయి. 2018లో హరిత వాతావరణ నిధి (గ్రీన్ క్లైమేట్ ఫండ్) భారత తీరప్రాంత ప్రజల కోసం 4.3 కోట్ల డాలర్ల పైచిలుకు గ్రాంటు మంజూరు చేసింది. దానికి ఎంచుకున్నవి మూడు రాష్ట్రాలు: ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర, ఒడిశా. ఆ డబ్బు మన తీరానికి రావడం మంచిదే, ఇంకా రావాలి. అయితే అదే తుపాను ముందు దెబ్బ కొట్టిన దీవికీ, తర్వాత దెబ్బ కొట్టిన నగరానికీ మధ్య ఇంత తేడా ఎందుకన్నది అడగక తప్పదు.

కారణం పాలనా వ్యవస్థలో ఉంది. అండమాన్ నికోబార్ శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతం. లోక్‌సభలో ఒకే ఒక్క సభ్యుడు. దాని ఖర్చు కేంద్ర హోం శాఖ పద్దులో ఒక భాగం. ఆర్థిక సంఘం రాష్ట్రాల వాటాలు తేలుస్తుంది, కేంద్రపాలిత ప్రాంతాల జోలికి రాదు. ఢిల్లీకి వెళ్లి ప్రపంచ బ్యాంకు రుణం కోసం పట్టుబట్టే ముఖ్యమంత్రి ఆ దీవులకు లేడు.

బయటి తలుపు కూడా మూసే ఉంది. ఐక్యరాజ్యసమితి గుర్తించిన చిన్న ద్వీప వర్ధమాన దేశాలు ముప్పై తొమ్మిది. మాల్దీవులు అందులో ఉంది, అది సబబే. సింగపూర్ కూడా అందులో ఉంది. అండమాన్ దేశం కాదు కాబట్టి లేదు. హరిత వాతావరణ నిధి, వాతావరణ మార్పును తట్టుకునే పనులకిచ్చే సొమ్ములో సగాన్ని చిన్న ద్వీప దేశాలకు, అతి పేద దేశాలకు, ఆఫ్రికాకు అట్టేపెడుతుంది. వాతావరణ నష్టాలను ఎదుర్కొనేందుకు పెట్టిన అంతర్జాతీయ నిధి మొదటి విడతగా తెరిచిన 25 కోట్ల డాలర్లలోనూ కనీసం సగం చిన్న ద్వీప దేశాలకూ అతి పేద దేశాలకూ కేటాయించింది. సముద్రం ఎవరి పాస్‌పోర్టూ చూడదు, నిధులు మాత్రం చూస్తాయి. 2004 డిసెంబరు 26న వచ్చిన భూకంపంతో గ్రేట్ నికోబార్ చివర ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగి, లైట్‌హౌస్ పునాది నీళ్లలోకి వెళ్లింది. అది వాతావరణ మార్పు వల్ల జరిగింది కాకపోయినా, నేల సముద్రంలోకి వెళితే ఎలా ఉంటుందో చూపడానికి ఏ సదస్సుకైనా అంతకంటే బలమైన సాక్ష్యం అక్కర్లేదు.

మాల్దీవుల సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. అక్కడా దీవికొక డీజిల్ జనరేటర్, అక్కడా ఓడలో వచ్చే ఇంధనం. 2014లో ఆసియా అభివృద్ధి బ్యాంకు గ్రాంటుతో మొదలైన పథకం బయటి దీవుల్లో డీజిల్ సెట్లకు సౌర ఫలకాలు, బ్యాటరీలు జత చేసుకుంటూ పోయింది. పసిఫిక్‌లో న్యూజిలాండ్ ఏలుబడిలోని టోకెలావ్ మూడు పగడపు దీవులు 2012లోనే న్యూజిలాండ్ డబ్బుతో దాదాపు పూర్తిగా ఎండ మీదికి మళ్లాయి. ఇక గ్రేట్ నికోబార్ దక్షిణ కొస నుంచి నూట యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఇండోనేషియా. ఆ దేశానికి 2022లో ధనిక దేశాలు బొగ్గు నుంచి మళ్లేందుకు 2,000 కోట్ల డాలర్ల ఒప్పందం రాసిచ్చాయి. అందులో గ్రాంట్లు స్వల్పం, అప్పులు అధికం. 2025 మార్చిలో అమెరికా పక్కకు తప్పుకుంది. ఇలాంటి ఒప్పందానికి భారత్ ఒప్పుకోకపోవడం తెలివైన పనేనని అప్పటి నుంచి వాదన బలపడింది. ఆ వాదనను కాదనలేం. అయితే బయటి డబ్బు వద్దన్న దేశం లోపలి డబ్బుతో ఆ పని చేసి చూపాలి.

చేసి చూపడానికి దారులు ఉన్నాయి కూడా. 2023 జనవరి, ఫిబ్రవరిల్లో కేంద్రం తొలిసారి 16,000 కోట్ల రూపాయల హరిత బాండ్లు అమ్మింది. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ద్వీప దేశాల మౌలిక సదుపాయాలను గట్టిపరిచే ‘ఐరిస్’ కార్యక్రమాన్ని ప్రధాని ప్రారంభించారు. ప్రపంచంలోని దీవులకు అండగా నిలబడే దేశం తన దీవుల్లో ముందుగా ఆ నమూనా చూపిస్తే ఆ మాటకు విలువ పెరుగుతుంది.

దీనికి బదులు చర్చ మొత్తం గ్రేట్ నికోబార్ చుట్టూ తిరుగుతోంది. 2022 నవంబరులో పర్యావరణ అనుమతి పొందిన ఆ ప్రాజెక్టు గురించి తెలియనివాళ్లు తక్కువ: గలతియా అఖాతంలో కంటైనర్ల ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్, ఇంకా 450 ఎంవీఏ గ్యాస్, సౌర విద్యుత్ కేంద్రం. 130 చదరపు కిలోమీటర్ల అడవి పోతుంది, దానికి పరిహారంగా హర్యానాలో మొక్కలు నాటుతారు. పరిశోధకుడు పంకజ్ సెఖ్‌సరియా ఏళ్ల తరబడి ఈ సంగతులు రాస్తూ వచ్చారు. లిటిల్, గ్రేట్ నికోబార్ గిరిజన మండలి తన సమ్మతిని వెనక్కి తీసుకుంది. 2025 సెప్టెంబరులో సోనియా గాంధీ ‘ది హిందూ’లో దీన్ని తీవ్రంగా విమర్శిస్తూ వ్యాసం రాస్తే, పర్యావరణ మంత్రి భూపేందర్ యాదవ్ వెంటనే బదులు వ్యాసం రాశారు. షోంపెన్ ఆదివాసీలు, తాబేళ్లు, చెట్లు, మలక్కా జలసంధి, చైనా, అన్నీ చర్చకు వచ్చాయి. రావాల్సినవే.

రానిది ఒక్కటే. 2011లో ఎనిమిది వేల జనాభా ఉన్న ఆ ఒక్క దీవిలో, మొత్తం దీవుల ప్రస్తుత గరిష్ఠ గిరాకీకి నాలుగింతలు మించిన విద్యుత్ కేంద్రం తలపెట్టారు. దాని గ్యాస్ కూడా సముద్రం మీద ఓడలోనే రావాలి. డీజిల్ నుంచి గ్యాస్‌కు మారితే పొగ కొంత తగ్గుతుంది; ఓడ మీద, దిగుమతి ధర మీద ఆధారపడటం తగ్గదు. పోర్ట్ బ్లెయిర్ దగ్గర హోప్‌టౌన్‌లో ఎన్‌టీపీసీ తలపెట్టిన 50 మెగావాట్ల గ్యాస్ ప్లాంటుకూ ఇదే వర్తిస్తుంది. పాతికేళ్లకు సరిపడే గ్యాస్ ఒప్పందం కుదిరాక, అక్కడ సౌర ఫలకాలకు డబ్బు ఎవరు పెడతారు?

2024 అక్టోబరులో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ప్రణాళికలో మూడో దారి కనిపించింది: ఒడిశాలోని పారాదీప్ నుంచి అండమాన్‌కు సముద్రం అడుగున 1,150 కిలోమీటర్ల తీగ, 250 మెగావాట్లు. బ్రిటన్, డెన్మార్క్‌ల మధ్య వైకింగ్ లింక్ మొత్తం పొడవు 765 కిలోమీటర్లు. బంగాళాఖాతం సగటు లోతు 2,600 మీటర్లు, దీవులన్నీ అత్యధిక భూకంప ప్రమాద మండలంలో ఉన్నాయి. సాంకేతికంగా ఇది సాహసమే. సాధించినా, ఇప్పటి స్థితిలో పారాదీప్ నుంచి వచ్చేది ఎక్కువగా బొగ్గు కరెంటే. పైగా చిన్న దీవులకు ఆ తీగ చేరదు.

కాబట్టి ముందు చిన్న దీవుల నుంచి మొదలుపెట్టడం మేలు. స్వరాజ్ ద్వీప్ (హావ్‌లాక్), షహీద్ ద్వీప్ (నీల్), కార్ నికోబార్, కచ్చాల్ లాంటి చోట్ల గిరాకీ తక్కువ, డీజిల్ చేరవేత ఖర్చు ఎక్కువ. అక్కడ ఇళ్ల కప్పుల మీద ఫలకాలు, రాత్రికి సరిపడే బ్యాటరీ, వానాకాలానికి అట్టేపెట్టిన పాత డీజిల్ సెట్టు, ఈ మూడూ కలిస్తే డీజిల్ వాడకం చాలావరకు తగ్గుతుంది. రూఫ్‌టాప్ రాయితీలో కేంద్రం ఇప్పటికే దీవులకు అదనంగా ఇస్తోంది. మత్స్యకారుల ఐసు ప్లాంట్లకు, శీతల గిడ్డంగులకు దాన్ని విస్తరించాలి. ఎండ ఉన్నప్పుడే ఐసు తయారు చేసి పెట్టుకోవచ్చు కాబట్టి ఐసు ప్లాంటుకు బ్యాటరీ కూడా అంతగా అవసరం ఉండదు. జంగ్లీఘాట్ లాంటి చోట్ల ఇది మొదటి పనిగా పెట్టుకోదగ్గది.

దీనికి తొలి అడుగు సమాచారమే. దీవుల కరెంటు ఛార్జీలు తేల్చే సంయుక్త విద్యుత్ నియంత్రణ మండలి పోర్ట్ బ్లెయిర్‌లో బహిరంగ విచారణలు జరుపుతుంది. డీజిల్ ఖర్చు వివరాలు ఆ పత్రాల్లో మొత్తంగా ఉంటాయి. వాటిని దీవుల వారీగా విడగొట్టి, ఏ పవర్‌హౌస్‌లో యూనిట్‌కు ఎంత పడుతోందో, అందులో కేంద్రం ఎంత భరిస్తోందో ఇంగ్లిషుతో పాటు హిందీ, బెంగాలీ, తమిళం, తెలుగుల్లో ప్రకటించమని అడగాలి. ఆ లెక్క బయటికి వస్తే ‘అండమాన్ శీఖా’, ‘లైట్ ఆఫ్ అండమాన్స్’ వంటి స్థానిక పత్రికలు కరెంటు కోతల వార్తతో పాటు డీజిల్ బిల్లు వార్త కూడా రాయగలుగుతాయి. విశాఖ, హైదరాబాద్‌ల నుంచి వెలువడే తెలుగు పత్రికలు కూడా తమ వాళ్లు యాభై వేల మంది ఉన్న చోటును తుపాను పుట్టే చోటుగానే కాక, కరెంటు బిల్లు కట్టే చోటుగా కూడా చూడొచ్చు. తదుపరి విచారణకు ఆ అర్జీ వేయడానికి ఆ దీవుల్లో ఉన్న తెలుగు సంఘాలకు ఎవరి అనుమతీ అవసరం లేదు.